పోటెక్కే వేళ



పుష్యమాసం అమావాస్యకు కాకినాడ పక్కన చొల్లంగిలో తీర్థం జరుగుతుంది. గోదావరి పాయ సముద్రంలో కలిసే చోట మునిగి, అక్కణ్నుంచి సప్తసాగర యాత్ర మొదలుపెట్టడం గోదావరి జిల్లాల్లో తరతరాల ఆచారం. అమావాస్యకు పోటు పెద్దది. మామూలు రోజుల కన్నా నీళ్లు బాగా పైదాకా వస్తాయి. శీతాకాలంలో ఈ తీరానికి పక్షులను వెతుక్కుంటూ వెళ్లేవాళ్లకు కూడా ఆ పెద్ద పోటే కావాలి. అందుకే నేనూ, నా మిత్రులూ ఆ రోజుల్లోనే కాకినాడ వెళ్లాం. ఆ ప్రయాణంలో చూసినవాటి గురించి, అవి ఎందుకు అరుదైపోయాయో, వాటికీ మనకూ ఉన్న సంబంధం ఏమిటో ఈ కాసేపట్లో మీతో పంచుకుంటాను.

మేం ముఖ్యంగా రెండు పక్షుల కోసం వెళ్లాం. ఒకటి ఇండియన్ స్కిమ్మర్. రెండోది గ్రేట్ నాట్. అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జీవులుగా ఈ రెంటినీ ఐయూసీఎన్, అంటే అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం, తన ఎర్ర జాబితాలో చేర్చింది. స్కిమ్మర్ చంబల్, మహానది లాంటి మన నదుల ఇసుక తిన్నెల మీద పుడుతుంది. గ్రేట్ నాట్ ఈశాన్య సైబీరియా కొండల్లో పుడుతుంది. పుట్టుకలో ఒకదానికొకటి ఏ పొత్తూ లేని ఈ రెండూ చలికాలంలో మన గోదావరి తెచ్చి పోసిన నేల మీదికి చేరతాయి.

ఆ నేల ఎలాంటిదో ముందు చెప్పాలి. కాకినాడ తీరాన సముద్రానికి లోతు తక్కువ. తూర్పున హోప్ ఐలాండ్ అనే ఇసుక దిబ్బ సుమారు పదహారు కిలోమీటర్ల పొడవున అడ్డంగా పడుకుని పెద్ద అలల్ని ఆపుతుంది. గోదావరి మోసుకొచ్చిన ఇసుకతో గత రెండు వందల ఏళ్లలో పెరుగుతూ వచ్చిన దిబ్బ అది. దక్షిణాన కోరింగ మడ అడవి. 1978లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్లకు పైనే. బావురు పిల్లులు, నీటికుక్కలు తిరిగే అడవి. మడచెట్ల ఆకులు రాలి నీళ్లలో కుళ్లుతాయి. ఆ కుళ్లిన ఆకును సూక్ష్మజీవులు, పురుగులు, పీతలు తింటాయి. ఏటా వరదకు వచ్చే ఒండ్రు దానికి తోడవుతుంది. దిబ్బకూ అడవికీ మధ్య, అలల దెబ్బ తగలని ఆ నిలకడ నీళ్లలో, మెత్తని బురద పొరలు పొరలుగా దిగుతుంది.

ఇక్కడ పోటుకూ పాటుకూ నీటిమట్టంలో తేడా మీటరు, మహా అయితే మీటరున్నర. అయితే నేల చదును కాబట్టి ఆ కాస్త నీరు తీసేసరికి కనుచూపు మేర బురద బయటపడుతుంది. పాటు వేళ పక్షులన్నీ ఆ బురద మీద చెల్లాచెదురై మేస్తుంటాయి. ఒడ్డున నిలబడి దుర్భిణిలో చూస్తే కదిలే చుక్కలు తప్ప ఏమీ తెలియవు. పోటు మొదలయ్యాక సంగతి మారుతుంది. నీరు ముందుకు వచ్చేకొద్దీ పక్షులు వెనక్కి జరుగుతూ, చివరికి మునగకుండా మిగిలిన మేట మీద గుంపు కడతాయి. కనక వాటి వెంట పడాల్సిన పని లేదు. ఆ మేటకు తగినంత దూరంలో ముందే చేరి కదలకుండా కూర్చుంటే చాలు. పోటు ఎంత పెద్దదైతే మిగిలే మేట అంత చిన్నది, పక్షులు అంత దగ్గర. అమావాస్యకో పున్నమికో వెళ్లడంలోని కిటుకు ఇదే.

రోజుకు ఇంచుమించు యాభై నిమిషాలు ఆలస్యంగా పోటు వస్తుంది. కాకినాడ మత్స్యకారులకు ఈ లెక్క కాగితం మీద అక్కర్లేదు. తిథి చెబితే నీళ్లు ఎప్పుడెక్కేదీ, ఏ కాలవలో ఎంతదాకా బోటు పోయేదీ నోటికి చెప్పేస్తారు. మమ్మల్ని తీసుకెళ్లిన పెద్దాయన తెల్లవారకముందే బయల్దేరదీశారు. చలికి కండువా చెవులదాకా చుట్టుకున్నారు. కుంభాభిషేకం రేవు దాటి కొంతదూరం వెళ్లాక, మేట ఇంకా దూరాన ఉండగానే ఇంజను ఆపేసి, గెడ దించి లోతు చూశారు.

"ఇక్కడే ఆగుదామండి. నీరెక్కితే అయ్యే వత్తాయండి. మనం మీదికెళ్తే లేచిపోతాయి, ఆటి తిండి పాడు సేసినోళ్లమవుతాం" అన్నారు.

పక్షుల పరిశీలన మీద వచ్చిన పుస్తకాలు నేను చాలానే చదివాను. వాటన్నిటి సారాన్నీ ఆయన ఆ రెండు ముక్కల్లో చెప్పారు. వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చిన పక్షికి పాటు ఉన్న ఆ కొద్ది గంటలే భోజన సమయం. పోటు వేళ విశ్రాంతి సమయం. మేట మీద ఉన్న గుంపును ఒక్కసారి లేపితే అది తిన్నదంతా ఎగరడానికే ఖర్చవుతుంది. చూసే సరదా మనది, నష్టం దానిది.

మంచు విడుతుంటే ముందు గొంతులు వినిపించాయి. కర్లూ అనే పక్షి కూత దూరంనుంచే గుర్తుపట్టవచ్చు. "కుర్‌లీ, కుర్‌లీ" అని సాగదీసి పిలుస్తుంది. తరువాత మెల్లగా ఆకారాలు తేలాయి. బురద అంచున చిన్న పక్షులు వందల్లో ఉన్నాయి. పైకి అన్నీ ఒకేలా బూడిద రంగులో కనిపిస్తాయి కానీ కాసేపు ముక్కులను మాత్రమే గమనిస్తే ఆ మేత ఎంత పద్ధతిగా సాగుతుందో బోధపడుతుంది. శాండ్ ప్లోవర్‌కు ముక్కు పొట్టి, కళ్లు పెద్దవి. అది కంటితో వేటాడుతుంది. నాలుగడుగులు పరుగెత్తి, ఠక్కున ఆగి, పైపొరలో కదిలిన పురుగును అందుకుంటుంది. శాండ్‌పైపర్‌లకు ముక్కు కొనలోనే స్పర్శ తెలుస్తుంది. కంటికి కనిపించని ఎరను బురదలో పొడిచి పసిగడతాయి. గాడ్విట్ ముక్కు మరీ పొడుగు, ఒక్కోసారి కళ్లదాకా బురదలో దించేస్తుంది. కర్లూ ముక్కు కొడవలిలా వంగి ఉంటుంది. పీత ఎంత లోతున బొరియ చేసుకున్నా అది లాగుతుంది. టెరెక్ శాండ్‌పైపర్ ముక్కు పైకి వంగుతుంది. అది మెడ సాచి పీతల వెంట అటూ ఇటూ పరుగెడుతుంది. ఒకే జానెడు బురదలో పైపొర ఒకరిది, కిందిది ఒకరిది, అట్టడుగుది ఇంకొకరిది. అందుకే ఇన్ని జాతులు ఒకే చోట పొట్ట పోసుకోగలుగుతున్నాయి.

ఆ గుంపులో గ్రేట్ నాట్‌ను పట్టుకోవడం ఓపికతో కూడిన పని. చలికాలంలో దానికి మెరిసే రంగేమీ ఉండదు. వీపు బూడిద, పొట్ట తెలుపు, రొమ్ము మీద నల్లని మచ్చలు. పక్కన ఉన్న ప్లోవర్‌ల కన్నా ఒళ్లు బొద్దుగా, ముక్కు కాస్త పొడుగ్గా, కొన దగ్గర కొంచెం కిందికి వాలి ఉంటుంది. నా మిత్రుడు టెలిస్కోప్‌లో ఒక్కొక్క పక్షినే దాటుకుంటూ పోయి, గాడ్విట్ల వెనక నిలబడ్డ ఒక పక్షి దగ్గర ఆగాడు. మేం వంతులేసుకుని చూశాం. అది బురదలోంచి చిన్న గుల్లను లాగి, పగలగొట్టకుండా, పెంకుతో సహా మింగింది. నాట్‌ల తీరే అంత. గుల్లను పిండి చేసే పని వాటి కండబలం గల కడుపుది. ఒకటి దొరికాక దాని పక్కనే ఇంకొన్ని తేలాయి.

ఈ పక్షి ఎందుకు అరుదైపోయిందో తెలిస్తే గుండె బరువెక్కుతుంది. గ్రేట్ నాట్‌లలో అత్యధిక భాగం చలికాలం ఆస్ట్రేలియాలో గడుపుతాయి. మన తీరాలకు వచ్చేవి కొద్ది. సైబీరియాకూ ఆస్ట్రేలియాకూ మధ్య ఆగి ఒంట్లో కొవ్వు నింపుకోవడానికి వాటికి చైనా, కొరియాల మధ్యనున్న ఎల్లో సీ తీరాల బురదే ఆధారం. దక్షిణ కొరియాలో సేమాన్‌గుమ్ అనే చోట రెండు నదులు సముద్రంలో కలిసే అఖాతానికి అడ్డంగా 33 కిలోమీటర్ల గోడ కట్టి, 2006లో నీటిని మూసేశారు. సుమారు 400 చదరపు కిలోమీటర్ల మేర పోటూ పాటూ ఆగిపోయాయి. గుల్లలు చచ్చాయి. అక్కడ ఆగే గ్రేట్ నాట్‌లలో ఇంచుమించు 90,000 లెక్కకు రాకుండా పోయాయి. పక్కనున్న తీరాలకు సర్దుకుని ఉంటాయిలే అని కొందరు అనుకున్నారు. పరిశోధకులు ఆ తీరాలన్నిటా పక్షులను లెక్కపెట్టారు. అక్కడా పెరగలేదు. ఆస్ట్రేలియాలో లెక్కపెట్టారు. అక్కడ తగ్గాయి. ఒక బురద పోతే పక్షి ఇంకో బురదకు పోతుందన్న మాట నిజం కాదని అలా తేలింది. ఎందుకంటే ఆ ఇంకో బురద అప్పటికే నిండుగా ఉంటుంది.

ఆ దెబ్బ తరువాత కొంత కళ్లు తెరవడం కూడా జరిగింది. ఎల్లో సీ ఒడ్డున చైనాలోని వలస పక్షుల తీరాలకు 2019లో, కొరియా బురద తీరాలకు 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా ఇచ్చింది. తాజ్‌మహల్‌కూ, మన రామప్ప గుడికీ దక్కిన హోదాయే బురదకూ దక్కింది.

పోటు ఇంకా ఎక్కుతుండగా గుల్లలు ఏరే ఆడవాళ్లు నీటికి ముందు నడుస్తూ ఒడ్డుకు వస్తున్నారు. మోకాళ్లదాకా బురద, నెత్తిన తట్టలు. తట్టల్లో బుడిత గుల్లలు. పాటు మొదలైనప్పుడు దిగి, పోటు తరిమేదాకా ఏరడం వాళ్ల పని. పక్షుల పనిగంటలూ, వాళ్ల పనిగంటలూ ఒకటే. వాళ్లు వంగి, తొందర లేకుండా నడుస్తుంటే పక్షులు నాలుగడుగులు పక్కకు జరిగాయే తప్ప లేవలేదు. ఆ నేలను బీడు అనీ, పనికిరాని ముంపు అనీ కాగితాల్లో రాసేవాళ్లు ఒక్క పాటు వేళ అక్కడ నిలబడి చూడాలి. దాని మీద ఎన్ని నోళ్లు బతుకుతున్నాయో తెలుస్తుంది.

నీళ్లు దాదాపు నిండాక, అప్పటిదాకా ఖాళీగా ఉన్న ఇసుక మొన మీద స్కిమ్మర్లు దిగాయి. అంత తేలిగ్గా గుర్తుపట్టే పక్షి ఇంకోటి లేదు. వీపు నలుపు, మెడా పొట్టా తెలుపు, కాళ్లు ఎరుపు. ముక్కు నారింజ రంగు, కొన పసుపు. పై ముక్కు కన్నా కింది ముక్కు పొడుగు. నీళ్లకు ఆనీ ఆనకుండా ఎగురుతూ కింది ముక్కును నీళ్లలో దించి గీత గీసుకుంటూ పోతుంది. దారిలో చేప తగిలితే ముక్కు టక్కున మూసుకుంటుంది. పగలు ఎక్కువగా విశ్రాంతి. గుంపంతా గాలికి ఎదురు ముఖం పెట్టి, ఒకే దిక్కుకు తిరిగి నిలబడింది. ఒకటి పొట్ట ఇసుకకు ఆనించి, ముక్కు కూడా నేల మీద వాల్చి పడుకుంది.

ఇంతకన్నా నాకు ముఖ్యమనిపించిన సంగతి ఇంకోటి ఉంది. గుంపును మళ్లీ మొదటినుంచి ఒక్కొక్కటిగా చూసుకుంటూ వస్తే, నల్లని వీపుల మధ్య అక్కడక్కడా గోధుమ రంగు వీపులు కనిపించాయి. ఈకల అంచులు తెల్లగా, పొలుసుల్లా ఉన్నాయి. ముక్కు రంగు ఇంకా తేలలేదు. అవి ఆ ఏడాది పిల్లలు. ఏదో నది మధ్య, వేసవి ఎండలో, ఇసుక మీద పెట్టిన గుడ్లు కుక్కల నోట పడకుండా, నీళ్లకు కొట్టుకుపోకుండా పిల్లలై, రెక్కలొచ్చి, ఇంతదూరం వచ్చాయన్నమాట. లోకం మొత్తం మీద పిల్లలు పెట్టే వయసున్న స్కిమ్మర్లు మూడు వేల లోపేనని అంచనా. అలాంటప్పుడు గుంపులో ఒక్క గోధుమ రంగు వీపు కనిపించినా అది పెద్ద శుభవార్తే.

ఆ పిల్లలు బతకడం యాదృచ్ఛికం కాదు. స్కిమ్మర్ నది మధ్య తిన్నెను ఎంచుకునేదే చుట్టూ నీళ్లుంటే నక్కలూ కుక్కలూ రావని. పైన ఆనకట్టలు నీటిని ఆపేస్తే వేసవిలో పాయ ఎండిపోయి, తిన్నె ఒడ్డుతో కలిసిపోతుంది. ఇసుక తవ్వితే అసలు తిన్నే ఉండదు. ఉన్నట్టుండి గేట్లు ఎత్తితే గుడ్లు మునుగుతాయి. చంబల్ తీరంలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు ఒడ్డు పల్లెల జనాన్నే గూళ్లకు కాపలాదారులుగా కూడగట్టారు. పక్షి పిల్లల కాళ్లకు ఉంగరాలు కూడా తొడుగుతున్నారు. కాబట్టి స్కిమ్మర్ కనిపిస్తే ముక్కు చూసి మురిసిపోయి ఆగిపోకండి. కాళ్ల వైపు కూడా చూడండి. ఉంగరం ఉంటే దాని రంగూ, మీది అక్షరాలూ రాసుకుని ఆ సొసైటీకి తెలియజేయండి. ఒక్క ఉంగరం చదివితే ఒక పక్షి జీవితంలో రెండు చోట్లు కలుస్తాయి.

చంబల్ పల్లెల వాళ్లు తమ వంతు కాపలా కాస్తే, మిగతా సగం కాపలా మనది. ఎందుకంటే ఏ వలస పక్షికీ ఒక్క ఊరు చాలదు. పుట్టడానికి ఒకటి, దారిలో ఆగడానికి ఒకటి, చలికాలం గడపడానికి ఒకటి కావాలి. మూడింట్లో ఏది పోయినా మిగతా రెండూ దాన్ని బతికించలేవు. నేను ఈ ప్రసంగంలో చెప్పదలుచుకున్న అసలు మాట ఇదే. అరుదైన పక్షి అనగానే అదెక్కడో దూరదేశపు వింత అనుకుంటాం. దాని బతుకులో ఒక భాగం మన గోదావరి మొగలో, మన కాకినాడ జగన్నాథపురానికి కూతవేటు దూరంలో ఉంది.

ఆ భాగం కూడా భద్రంగా లేదు. గోదావరి మీద, దాని ఉపనదుల మీద కట్టిన జలాశయాల వెనక ఒండ్రు ఆగిపోతోంది. డెల్టాకు చేరే మట్టి కొన్ని దశాబ్దాలుగా బాగా తగ్గిందనీ, తీరం కోతకు గురవుతోందనీ పరిశోధకులు చెబుతున్నారు. కాకినాడకు ఉత్తరాన ఉప్పాడలో సముద్రం ఇళ్లనూ, రోడ్డునూ ఎలా మింగుతోందో మీలో చాలామంది కళ్లారా చూసే ఉంటారు. ఇటు చూస్తే రొయ్యల చెరువులు, పూడికలు, పట్టణాల మురుగు, ఒడ్డున పేరుకున్న ప్లాస్టిక్. మడ అడవి పోతే పక్షికి తిండి పోతుంది, చేపపిల్లకు నీడ పోతుంది, తుఫాను వచ్చిన రోజున పల్లెకు అడ్డూ పోతుంది. 1839 తుఫానుకు ఒకప్పటి రేవు పట్టణమైన కోరంగి ఎలా తుడిచిపెట్టుకుపోయిందో ఈ ప్రాంతం మరిచిపోలేదు.

మరి మామూలు మనుషులం మనం చేయగలిగిందేమిటి? చాలానే ఉంది. మొదటిది, లెక్కపెట్టడం. ఏటా జనవరిలో ఆసియాలోని చాలా దేశాల్లో నీటిపక్షుల గణన జరుగుతుంది. 1987 నుంచి సాగుతోంది. అటవీశాఖ వాళ్లూ, పక్షి ప్రేమికులూ కలిసి చేసే ఈ పనిలో ఎవరైనా చేరవచ్చు. ఇందులో అరుదైన పక్షుల కన్నా మామూలు పక్షులే ముఖ్యం. ఈనాడు వేలల్లో ఉన్న శాండ్ ప్లోవర్ రేపు వందలకు దిగితే, ఆ సంగతి ముందుగా పట్టిచ్చేది పాత లెక్కలే. సేమాన్‌గుమ్ నష్టం లోకానికి తెలిసింది కూడా ఎవరో కొందరు ఓపికగా ఏటా లెక్కపెట్టారు కాబట్టే.

రెండోది, మర్యాద. ఫోటో కోసం గుంపును లేపకండి. డ్రోన్ ఎగరేయకండి. మేట మీద అడుగు పెట్టకండి. పక్షి తల ఎత్తి మిమ్మల్నే చూస్తోందంటే మీరు ఉండవలసినదాని కన్నా దగ్గరికి వెళ్లారని అర్థం. అక్కడే ఆగండి. బోటు నడిపేవాళ్ల మాట వినండి, వాళ్లకు తగిన కూలి ఇవ్వండి. ఆ తీరం గురించి మనకు పదేళ్లకు తెలిసేది వాళ్లకు పదేళ్ల వయసుకే తెలుసు.

మూడోది, పిల్లలు. మంచి దుర్భిణి ఒక్కటి కొంటే బడి మొత్తానికి సరిపోతుంది. పేర్లు తెలియకపోయినా పరవాలేదు. మెర్లిన్ అనే యాప్ ఫోన్‌లో ఉచితంగానే దొరుకుతుంది. పరిమాణం, రంగు, చూసిన చోటు చెబితే పేరు సూచిస్తుంది. చూసింది ఈబర్డ్ అనే వెబ్‌సైటులో నమోదు చేస్తే మీ ఊరి చెరువు కూడా లోకం లెక్కలోకి ఎక్కుతుంది. కాకినాడే రానక్కర్లేదు. గుంటూరు దగ్గర ఉప్పలపాడు ఉంది, ఏలూరు పక్కన కొల్లేరు ఉంది, సూళ్లూరుపేట దగ్గర నేలపట్టు, పులికాట్ ఉన్నాయి, శ్రీకాకుళంలో తేలినీలాపురం ఉంది. అవేవీ దగ్గర కాకపోతే మీ ఊరి చెరువు ఉండనే ఉంది.

మేం ఆ రోజు రాసుకున్న జాబితాలో స్కిమ్మర్లు, నాట్‌లు ఉన్న పేజీ ఒక్కటే. మిగతా పేజీలన్నీ మామూలు పక్షులవే. ఆ లెక్క మొత్తం ఈబర్డ్‌లో నమోదు చేశాం. ఇరవై ఏళ్ల తరువాత ఎవరైనా కాకినాడ తీరం గురించి ఒక నిర్ణయం తీసుకోబోతే, ఇక్కడ ఏముందని అడిగితే, జవాబు చెప్పడానికి అంకెలు ఉండాలి. ఆ అంకెలు ప్రభుత్వం ఒక్కటే సమకూర్చలేదు. చేతిలో కాగితం, కళ్లలో ఓపిక ఉన్న ప్రతి ఒక్కరూ సమకూర్చాలి. వచ్చే జనవరి గణనకు మీరూ రండి. పేరు నమోదు చేసుకోవడానికి మీ జిల్లా అటవీశాఖ కార్యాలయంలో అడగండి. మీ పిల్లల్ని వెంట తీసుకురండి.